ఖర్దుంగ్ లా బోర్డు కింద నేను చెప్పిన సగం నిజం



పోయిన వీడియోలో మహాప్రస్థానం గురించి చెప్పుకున్నాం కదా. పాండవులు హిమాలయాల దారి పట్టడం, ద్రౌపది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోవడం, చివరికి ధర్మరాజు, ఆయన వెనకాల ఒక కుక్క మిగలడం. ఆ వీడియో కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "ధర్మరాజు జన్మంతా నిజమే చెప్పాడు. ద్రోణుడి దగ్గర చెప్పిన ఒక్క మాటకి నరకం చూడాల్సి వచ్చిందా? అది కూడా పూర్తి అబద్ధం కాదు కదా?"

ఈ ప్రశ్నకి శాస్త్రం తెలిసినవాళ్ళు బాగా జవాబు చెబుతారు. నేను పండితుణ్ణి కాదు. వారమంతా హైదరాబాద్‌లో కోడ్ రాసుకుని, శని ఆదివారాలు ఈ ఛానల్‌కి స్క్రిప్టులు రాసేవాణ్ణి. కానీ ఈ ప్రశ్న నాకు బాగా తగిలింది. ఎందుకంటే అలాంటి మాటే ఒకటి నేనూ చెప్పాను. అది కూడా హిమాలయాల్లోనే, ఒక సైకిల్ పక్కన నిలబడి.

కాలవ వంతెనే మా ఊరి కొండ

మాది మండవల్లి. ఏలూరు జిల్లా, కొల్లేరు పక్కన. గుడివాడ నుంచి భీమవరం వెళ్ళే రైలు మా ఊళ్ళో ఆగుతుంది. కిటికీలోంచి చూస్తే చేపల చెరువులు, గట్లు, కొబ్బరి చెట్లు. చూపు ఆనినంత దూరం అంతా ఒకటే మట్టం. సముద్రానికి మా ఊరు కొద్ది మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంటుంది. చిన్నప్పుడు మాకు ఎత్తు అంటే కాలవ మీద వంతెన. దాని మీదకి సైకిల్ దిగకుండా తొక్కినవాడు ఆ రోజుకి హీరో.

మా తాతయ్య మాత్రం ఆ గట్ల మీద ఇరవై ఏళ్ళకి పైగా సైకిల్ తొక్కాడు. వెనక క్యారేజీ మీద చేపల బుట్ట, దాని మీద తడి గోనె. తెల్లవారుజామున లంక ఊళ్ళ దగ్గర చేప ఎత్తుకుని, ఎండ ఎక్కకముందే స్టేషన్‌కి చేర్చాలి. సైకిల్ ఆయనకి సరదా కాదు, ఇంటి పొయ్యి.

నాకు సరదా. ఉద్యోగం వచ్చిన రెండో ఏడాది రోడ్ బైక్ కొన్నాను. సన్నటి టైర్లు, వంగిన హ్యాండిల్, బరువు తొమ్మిది కిలోలు. దాని ధర ఇప్పటికీ తాతయ్యకి చెప్పలేదు. ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్ళి ఎక్కడం దిగడం చేసేవాణ్ణి. అక్కడ కాళ్ళు గట్టిపడ్డాక మనసు లడఖ్ మీదకి పోయింది.

ఖర్దుంగ్ లా

సైకిల్ తొక్కేవాళ్ళకి ఈ పేరు ఒక మంత్రం లాంటిది. లేహ్ పట్టణానికి ఉత్తరాన, నుబ్రా లోయకి వెళ్ళే దారిలో ఉండే కనుమ ఇది. రోడ్డు 1976లో వేశారు. మామూలు జనం వాహనాలకి 1988లో తెరిచారు. సరిహద్దు రహదారుల సంస్థ చూసుకుంటుంది. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటే, కనుమ 5,359 మీటర్లు. అంటే 17,582 అడుగులు. మన తిరుమల కొండ సుమారు 2,800 అడుగులు. ఆరు తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇంకా కొంచెం మిగులుతుంది.

లేహ్ నుంచి పైకి 39 కిలోమీటర్ల చిల్లర. వాలు భయంకరమైనదేం కాదు, సగటున వంద మీటర్లకి ఐదు మీటర్ల లోపే. అనంతగిరిలో అంతకంటే నిటారు ముక్కలున్నాయి. కష్టం వాలులో లేదు, గాలిలో ఉంది. పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు సగం. అంటే మనం రెండుసార్లు ఊపిరి పీలిస్తే ఇంట్లో ఒకసారి పీల్చినంత. దీనికి శరీరం అలవాటు పడాలంటే రోజులు పడుతుంది. విమానంలో లేహ్‌లో దిగినవాళ్ళు కనీసం రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలని, ఆ తర్వాతే మెల్లగా పైకి వెళ్ళాలని అక్కడ అందరూ చెబుతారు.

నాకూ చెప్పారు. కానీ నా దగ్గర ఉన్నది ఐదు రోజుల సెలవు. అది 2023 ఆగస్టు. శుక్రవారం పొద్దున దిగాను, ఆదివారం పొద్దున ఐదింటికి పెడల్ మీద కాలేశాను. మధ్యలో విశ్రాంతి ఒక్క రోజు. అది కూడా లేహ్ బజార్లో తిరుగుతూ.

ముప్పై మూడో కిలోమీటరు

సౌత్ పుల్లు అనే చెక్‌పోస్టు 24 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. అక్కడిదాకా బాగానే వెళ్ళాను. తల కొంచెం బరువుగా ఉంది, నిద్ర సరిగ్గా లేక అనుకున్నాను. అక్కడ టీ తాగి మళ్ళీ ఎక్కాను. మంచు కరిగిన నీళ్ళు రోడ్డు మీదుగా పారుతున్నాయి, కొన్నిచోట్ల తారు లేచిపోయి రాళ్ళు తేలాయి. సన్నటి టైర్లతో ఆ ముక్కలు దాటడానికి దిగి నెట్టాల్సి వచ్చింది.

28 దాటాక తలనొప్పి నుదుటి నుంచి మెడ వెనక్కి పాకింది. 31 దగ్గర వాంతి అయింది. 33 దగ్గర సైకిల్ దిగి నిలబడితే, ఖాళీ రోడ్డు మీద నేరుగా నాలుగు అడుగులు వేయలేకపోయాను. తాగినవాడిలా పక్కకి తూలిపోయాను.

కూరగాయల లోడుతో నుబ్రా వెళ్తున్న ఒక పికప్ ఆగింది. డ్రైవర్ పెద్దాయన. నన్ను చూసి, చేత్తో కిందకి చూపించాడు. కిందకి వెళ్ళే బండి ఏదైనా ఆపుతాను, దిగిపో అన్నాడు. ఆయనకి చదువు ఎంతో నాకు తెలీదు గానీ చెప్పింది మాత్రం అచ్చంగా డాక్టర్ చెప్పే మాట. ఎత్తు పడనప్పుడు మందు ఒక్కటే, కిందకి దిగడం. తూలుడు మొదలైందంటే మెదడులో వాపు వస్తోందేమో అని భయపడాల్సిన దశ. ఊపిరితిత్తుల్లో నీరు కూడా చేరవచ్చు. ఆ స్థితిలో పైకి వెళ్ళేవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటారు.

నేను పైకి అన్నాను. ఆయన రెండుసార్లు తల అడ్డంగా ఊపి, చివరికి సైకిల్ని క్యాబేజీ బస్తాల మీద పెట్టాడు. ఐదున్నర కిలోమీటర్లు అలా వెళ్ళాను. కనుమకి అర కిలోమీటరు ఉందనగా ఆపమన్నాను. దిగి, సైకిల్ ఎక్కి, ఆ చివరి ఐదు వందల మీటర్లు తొక్కుకుంటూ బోర్డు దగ్గరికి చేరాను. ప్రార్థన జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. బుల్లెట్ బండ్ల మీద వచ్చిన కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫోటో దిగాను. పది నిమిషాల్లో ఇంకో బండి పట్టుకుని కిందకి దిగిపోయాను. ఆ పది నిమిషాలు నాకు ఏమీ కాకపోవడం నా ప్రతిభ కాదు. దైవం వదిలేసింది, అంతే.

రాత్రి లేహ్ నుంచి ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టాను. కింద రాసింది రెండే పదాలు: "మండవల్లి, ఖర్దుంగ్ లా." ఒక్క అబద్ధం కూడా లేదు చూడండి.

సైకిల్ మీదే చేరాను

ఆ సంక్రాంతికి ఊరెళితే సెంటర్లో ఫ్లెక్సీ. మా వీధి కుర్రాళ్ళు వేయించారు. నా ఫోటో, పైన "18,380 అడుగుల శిఖరంపై మన మండవల్లి ముద్దుబిడ్డ".

ఆ అంకె గురించి ఒక మాట. కనుమ దగ్గర చాలా ఏళ్ళు ఉన్న బోర్డులో ఎత్తు 18,380 అడుగులని, ప్రపంచంలోనే ఎత్తైన మోటారు రోడ్డు అని ఉండేది. జీపీఎస్‌తో కొలిచినవాళ్ళకి వచ్చింది 17,582. దాదాపు ఎనిమిది వందల అడుగుల తేడా. ప్రపంచంలోనే ఎత్తైనది అన్నదీ నిజం కాదు. లడఖ్‌లోనే ఉమ్లింగ్ లా మీదుగా అదే సంస్థ వేసిన రోడ్డు 19,024 అడుగుల ఎత్తులో ఉంది. అంటే మా ఫ్లెక్సీలో కొండ ఎత్తూ నిజం కాదు, నేను ఎక్కిన తీరూ నిజం కాదు. నిజం ఫోటో ఒక్కటే.

తాతయ్య ఫ్లెక్సీ దగ్గర చాలాసేపు నిలబడి చూశాడు. ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని అడిగాడు. "ఎక్కడా దిగలేదేంట్రా? అంత కొండ?"

నేను అన్నాను. "సైకిల్ మీదే చేరాను తాతయ్యా."

చేరింది సైకిల్ మీదే కదా.

ఆ రాత్రి నాకు ద్రోణపర్వం గుర్తొచ్చింది. భీముడు అశ్వత్థామ అనే ఏనుగుని చంపాడు. అశ్వత్థామ చచ్చాడని కేక వేశాడు. ద్రోణుడు నమ్మలేదు. అంత సైన్యంలో ఒక్క మనిషిని వెతుక్కుంటూ వచ్చి అడిగాడు. ఎందుకంటే ఆయన ఒక్కడే అబద్ధం చెప్పడు. ధర్మరాజు గట్టిగా ఒక ముక్క, మెల్లగా ఇంకో ముక్క చెప్పాడు. అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం, ఆ క్షణంలో అందరి రథాల్లాగే నేలకి దిగింది.

ఈ కథలో మనం గమనించాల్సింది ఇది అని నాకు అనిపిస్తుంది. అబద్ధాలకోరు ద్రోణుణ్ణి మోసం చేయలేడు, అందుకే భీముడి మాట పనిచేయలేదు. మోసం చేయగలిగేది నిజం చెప్పేవాడు మాత్రమే. అబద్ధం పనిచేయాలంటే దాని వెనక ఏళ్ళ తరబడి కూడబెట్టిన నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ధర్మరాజు ఒక్కడిదే అనుకుంటాం. కానీ అందులో సగం ద్రోణుడిది. నమ్మినవాడు పెట్టిన డబ్బుని నమ్మించినవాడు ఖర్చుపెట్టేశాడు. తాతయ్య నా దగ్గర పెట్టిన డబ్బుని నేను ఆ అరుగు మీద ఖర్చుపెట్టేశాను.

ఎవరికి నష్టం?

మీరు అడగొచ్చు, నేనూ నన్ను చాలాసార్లు అడిగాను. ఐదున్నర కిలోమీటర్లు బండెక్కితే ఎవరి సొమ్ము పోయింది? అదేమీ పోటీ కాదు. 1904 టూర్ డి ఫ్రాన్స్‌లో కొందరు సైకిల్ దిగి రైళ్ళూ కార్లూ ఎక్కారని ఆరోపణలొచ్చాయి. విచారణ తర్వాత మొదటి స్థానంలో వచ్చిన మారిస్ గారిన్‌తో సహా మొదటి నలుగురినీ తప్పించి, ఐదో స్థానంలో ఉన్న ఇరవై ఏళ్ళు కూడా నిండని అన్రీ కోర్నేని విజేతగా ప్రకటించారు. అక్కడ ఒక కుర్రాడికి దక్కాల్సింది ఆగిపోయింది. నా విషయంలో అలా ఎవరూ లేరు కదా?

పైగా మన గ్రంథాలే నిజాన్ని గుడ్డిగా పట్టుకోమనలేదు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. నిజమే చెబుతానని వ్రతం పట్టిన బ్రాహ్మణుడు. దొంగలకి భయపడి కొందరు అడవిలో దాక్కుంటే, దొంగలు వచ్చి అడగ్గానే దారి చూపించాడు. వాళ్ళు చచ్చారు, ఈయన నరకానికి పోయాడు. నోటి మాట నిజమా కాదా అన్నది ఒక్కటే లెక్క కాదు, ఆ మాట వల్ల ప్రాణులకి మేలా కీడా అన్నది అసలు లెక్క.

ఈ కథని నేను కొన్నాళ్ళు నాకు అనుకూలంగా వాడుకున్నాను. నా మాట వల్ల తాతయ్యకి సంతోషం, ఊరికి సంబరం. కీడు ఎక్కడుంది?

మే నెలలో తెలిసింది, కీడు ఎక్కడుందో.

మా బాబాయ్ కొడుకు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. నా ఫోటో చూసి పాత సైకిల్ ఒకటి కొన్నాడు. ఆదివారాలు ద్వారకా తిరుమల వెళ్ళి చిన్న తిరుపతి గుట్ట ఎక్కి దిగుతున్నాడట. ఫోన్ చేశాడు. "అన్నయ్యా, టికెట్లు తీసేశా. నువ్వు వెళ్ళినట్టే ప్లాన్. శుక్రవారం దిగుతా, ఆదివారం ఎక్కేస్తా. మధ్యలో తలనొప్పి వస్తే ఏం చేయాలి? నీకు రాలేదు కదా?"

నేను బాల్కనీలో నిలబడి ఉన్నాను. చేతిలో ఫోన్ చల్లబడిపోయింది.

నా సగం నిజం వాడి దగ్గర ఒక మ్యాప్ అయింది. అందులో నేను వాంతి చేసుకున్న మలుపు లేదు. తూలిపోయిన రాయి లేదు. కిందకి దిగిపో అన్న పెద్దాయన లేడు. కౌశికుడు దొంగలకి దారి చూపించాడు. నేను నా తమ్ముడికే ఆ దారి చూపిస్తున్నాను.

మనం సాధించినదాన్ని గొప్పగా చెప్పుకోవడం మన సొంత విషయం అనుకుంటాం. కాదండీ. మనం చేసింది చూసి ఇంకొకరు అడుగు వేస్తారు. ఉద్యోగం, పెళ్ళి, వ్యాపారం, ఉపవాసం, ఏదైనా అంతే. కష్టం దాచి ఫలితం మాత్రమే చూపిస్తే, వెనకాల వచ్చేవాడు మన లోయలో పడతాడు.

2014లో పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పిల్ల. ఆ పిల్లకి భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో ముందు శిక్షణ ఇచ్చారన్న విషయం కూడా అందరికీ చెప్పారు. ఆ సగం కూడా చెప్పారు కాబట్టే ఆ కథ వేరే పిల్లలకి దారి అయింది.

చెప్పేశాను

వాడికి మొత్తం చెప్పాను. పికప్, క్యాబేజీ బస్తాలు, అన్నీ. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఒకటే అడిగాడు. "మరి తాతయ్యకి?"

ఆ శనివారం మండవల్లి వెళ్ళాను. చెప్పడానికి పొద్దున నుంచి సాయంత్రం దాకా పట్టింది. ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన బీడీ ఆర్పేసి అన్నాడు.

"వానాకాలం గట్టు మీద జారుడు. నేను సగం దూరం దిగి నెట్టేవాణ్ణిరా. తొక్కాలని పంతం పట్టినోడు బుట్టతో సహా చెరువులో పడేవాడు. నెట్టుకుంటూ వచ్చినోడి చేపే స్టేషన్‌కి చేరేది." కాసేపాగి, "దిగినందుకు నిన్నేమీ అనను. దిగలేదన్నందుకు అంటున్నా" అన్నాడు.

అంతే. అంతకంటే పెద్దగా ఏమీ అనలేదు. కానీ ఆ రోజు అన్నం నాకు సహించలేదు.

తిరిగొస్తుంటే చెరువు గట్టు మీద మా ఫ్లెక్సీ కనిపించింది. చేపల మేత బస్తాలు తడవకుండా కప్పారు. 18,380 అన్న అంకె మీద కొంగ కూర్చుని ఉంది.

ఇక్కడ నాకు ఇంకో సంగతి అర్థమైంది. నేను 33 కిలోమీటర్లు నిజంగానే ఎక్కాను. మండవల్లి కుర్రాడికి అదేమీ చిన్న విషయం కాదు. కానీ ఇన్నాళ్ళూ ఆ 33 గురించి ఎవరితోనూ మనసారా చెప్పుకోలేకపోయాను. ఎక్కడ నోరు జారుతానో అన్న భయం. అబద్ధం నిజానికి ఇంకొంచెం కలుపుతుందనుకుంటాం. అది కలపదు, ఉన్న నిజాన్ని కూడా పూడ్చేస్తుంది. ఖర్దుంగ్ లా కూడా అంతే. 17,582 అడుగుల ఎత్తున, ఏడాదిలో చాలా నెలలు మంచు కురిసే చోట రోడ్డు వేసి నిలబెట్టిన మనుషుల కష్టం ఎంతో పెద్దది. దానికి ఇంకో ఎనిమిది వందల అడుగుల సాయం అక్కర్లేదు.

మళ్ళీ మీ ప్రశ్న దగ్గరికి

ధర్మరాజు ఒక్క సగం మాటకి నరకం ఎందుకు చూశాడు? స్వర్గారోహణ పర్వంలో ఇంద్రుడే కారణం చెబుతాడు. ద్రోణుణ్ణి ఒక మాయతో నమ్మించావు, అందుకే నీకూ ఒక మాయగా నరకం చూపించాం అని. కొద్దిసేపే. అయినా చూడాల్సిందే.

నాకు ఇది శిక్షలా అనిపించదు. ద్రోణుడు పడిన బాధ ఎలా ఉంటుందో, కళ్ళతో చూసింది నమ్మి కుమిలిపోవడం ఎలా ఉంటుందో, ధర్మరాజు ఒక్కసారి తెలుసుకోవాలి. తన మాట అవతలివాడి గుండెలో ఏం చేసిందో తెలియకుండా ఆ మాట బరువు తీరదు. తమ్ముడు ఫోన్లో మాట్లాడిన ఆ రెండు నిమిషాలు నాకు ఆ దర్శనం దొరికింది.

అదే ధర్మరాజు, దానికి ముందు, కొండ మీద ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటే, కుక్కని వదిలి ఎక్కనన్నాడు. అంత దూరం నడిచి అలసిపోయిన మనిషి. పైకి తీసుకెళ్ళే బండి ఎదురుగా ఉంది. వెంట నడిచినదాన్ని వదిలేస్తేనే ఎక్కనిస్తామంటే, ఆ పై లోకం వద్దన్నాడు. ఆ ఎత్తు కుదరకపోయినా ఫరవాలేదు అనగలిగాడు కాబట్టే దానికి అర్హుడయ్యాడు. గీత రెండో అధ్యాయంలో మనందరికీ నోటికొచ్చిన ఆ 47వ శ్లోకం చెప్పేదీ అదే కదా. తొక్కడం మన చేతిలో ఉంది, బోర్డు మన చేతిలో లేదు. బోర్డే కావాలనుకున్నవాడు కూరగాయల బండెక్కుతాడు.

అలాగని అందరూ రేపు పొద్దున ఇన్‌స్టాలో పాపాల జాబితా పెట్టమని నేను అనను. అది కూడా ఇంకో రకం ఫ్లెక్సీ అవుతుంది. ముందు ఎవరు మీ మాట నమ్మి అడుగు వేయబోతున్నారో వాళ్ళకి చెప్పండి. తర్వాత ఎవరు మీ మాట నమ్మి సంతోషపడ్డారో వాళ్ళకి. మిగతావాళ్ళకి తెలియాల్సిన పని లేకపోవచ్చు. మరి నేనెందుకు ఇక్కడ రాస్తున్నానంటే, నా ఫోటో చూసి దారి అడిగినవాళ్ళు మీలోనూ కొందరున్నారు.

చివరిగా తమ్ముడి సంగతి. టికెట్లు మార్చుకున్నాడు. లేహ్‌లో నాలుగు రోజులు ఊరికే ఉన్నాడు. ఐదో రోజు బయల్దేరాడు. మధ్యాహ్నం గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. చెక్‌పోస్టు, దాని పక్కన గోడకి ఆనించిన వాడి పాత సైకిల్. కింద రాశాడు: "సౌత్ పుల్లు దాకా ఎక్కాను. 24 కిలోమీటర్లు. తలనొప్పిగా ఉంది. దిగిపోతున్నా."

తాతయ్య ఆ ఫోటో ప్రింట్ తీయించి అరుగు పక్కన గోడకి అంటించాడు. నేను పోయినసారి చూసినప్పుడు కూడా అక్కడే ఉంది.

ఈ వారం మీరు చెప్పిన సగం నిజం ఏదైనా గుర్తొస్తే, కామెంట్లలో రాయక్కర్లేదు. చెప్పాల్సినవాళ్ళకి ఒక్క ఫోన్ చేయండి. వచ్చే వీడియోలో విదురుడి గురించి చెప్పుకుందాం.

శ్రీకృష్ణార్పణం.